లింగంపేటలో దిగిపోయాను

మేడం పోయారన్న వార్త నాకు కాలేజీవాళ్ళు చెప్పలేదు, ఆమె ఇంటివాళ్ళూ చెప్పలేదు. కామారెడ్డిలో మా డిగ్రీ కాలేజీ గేటు ఎదుట చాయ్ హోటల్ నడిపే చాచా చెప్పాడు. ఆ మంగళవారం పొద్దున నేను ఇప్పుడు పనిచేస్తున్న జూనియర్ కాలేజీ ల్యాబులో పిల్లలకు బ్యూరెట్ ఎలా నింపాలో చూపిస్తున్నాను. ఫోన్ మోగితే కట్ చేశాను. మళ్ళీ మోగింది, మళ్ళీ కట్ చేశాను. మూడోసారి ఎత్తాను. పాలు పొంగి పొయ్యి మీద పడుతున్న చప్పుడు మాత్రం వినిపించింది. చాచా పాలు పొంగనిచ్చే మనిషి కాదు. నాకు అప్పుడే భయం వేసింది.

"బిడ్డా, మేడం సాబ్ పోయింది," అన్నాడు. "తెల్లారంగ, ఇంట్లనే. ఆమె ఇంటాయన ఫోన్ చేసిండు. నీకు చెప్పుమన్నడు. ఆయనకు నోరొస్తలేదు."

నేను బ్యూరెట్ స్టాండుకు తగిలించి బయటికి వచ్చి మెట్ల మీద కూర్చున్నాను. ఏడుపు వెంటనే రాలేదు. మొదట వచ్చింది, చెప్పడానికి సిగ్గేస్తోంది, ఒక చిన్న ఊరట. ఇక ఆమెకు చెప్పే పని లేదు అనిపించింది. ఆ ఊరట మీద నాకే అసహ్యం వేసి, అప్పుడు ఏడ్చాను.

ఆమె డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవారు. ఇల్లు ఎల్లారెడ్డి. రోజూ బస్సులో వచ్చి బస్సులోనే వెళ్ళేవారు. ఆమె పేరు ఇక్కడ రాయను. మేం ఎన్నడూ ఆ పేరుతో ఆమెను అనుకోలేదు. కాలేజీలో ఫిజిక్స్ మేడం, ఇంగ్లిష్ మేడం, లైబ్రరీ మేడం ఉండేవాళ్ళు. ఉత్త మేడం అంటే ఆమె ఒక్కరే.

పెద్దవాళ్ళు పోయినప్పుడు రాసే మంచి మాటలు నాకు చేతకావు. ఏడాదిన్నరగా నా కడుపులో దాచుకున్న సంగతి ఒకటి ఉంది. అది చెప్పడానికే ఇది రాస్తున్నాను. ముందు ఆమె ఎలాంటి మనిషో కొంచెం చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని ఎంతటిదో మీకు అర్థం కాదు.

నేను మాచారెడ్డి దగ్గరి ఊరి నుంచి వచ్చిన పిల్లను. ఇంట్లో అందరం పొలం పనివాళ్ళమే. డిగ్రీ మొదటి ఏడాది ప్రాక్టికల్స్‌లో ఏదో తెల్లటి లవణం ఇచ్చి అందులో ఏముందో కనిపెట్టమన్నారు. నేను రెండు చుక్కల మందు వేసి, పైకెత్తి చూసి, రికార్డులో "క్లోరైడ్ లేదు" అని రాశాను. మేడం నా వెనక నిలబడి ఉన్నారు. ఎన్ని చుక్కలు వేశావని అడిగారు. రెండు అన్నాను. ఎంతసేపు చూశావని అడిగారు.

"లేదు అని రాసుడు దేవుని పని," అన్నారు. "నీకు నాకు అంత చూపు లేదు. చూసినంతల కనబడలేదు అని రాయి. ఎంత చూసినవో గది గూడ రాయి. ఎల్లారెడ్డి బస్సెక్కి, నడుమ లింగంపేటల దిగిపోయి, ఎల్లారెడ్డిల మనుషులే లేరంటె ఎట్లుంటది?"

క్లాసంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. ఆ రోజు నుంచి మా బ్యాచిలో ఎవరు తొందరపడి "లేదు" అని రాసినా వాళ్ళను లింగంపేట అని పిలిచేవాళ్ళం. మొదటి లింగంపేటను నేనే.

ఇంకో పట్టుదల ఉండేది ఆమెకు. రికార్డులో తప్పు రాస్తే దాన్ని గీకేయనిచ్చేవారు కాదు, తెల్ల రంగు పూయనిచ్చేవారు కాదు. స్కేలు పెట్టి ఒకే గీతతో కొట్టేయాలి. కింద ఏం రాశామో చదవడానికి రావాలి. "తప్పు చేసినందుకు నేనేం అనను. దాన్ని దాస్తె మాత్రం ఊకోను," అనేవారు. ఆమె కొట్టేసే గీత ఆకుపచ్చ సిరాతో ఉండేది. పక్కన తేదీ వేసేవారు. నా మూడేళ్ళ రికార్డుల్లో ఆ పచ్చగీతలు చాలానే ఉన్నాయి.

నేను ఎమ్మెస్సీ చేసి వచ్చాక మేడంకు ఒక చిన్న ప్రాజెక్టు వచ్చింది. సాయానికి నన్ను పెట్టుకున్నారు. చాయ్‌లో కెఫిన్ ఎంత ఉందో కరెంటుతో కొలవడం మా పని. కెఫిన్ అంటే చాయ్ ఆకులో, కాఫీ గింజలో చెట్టు తనంతట తాను తయారుచేసుకునే ఆల్కలాయిడ్. మనకు హుషారు తెప్పించేది, నిద్ర చెడగొట్టేది, గుండెను ఉరికించేది అదే. పట్నంలో దీన్ని కొలవడానికి బీరువాలంత యంత్రాలు ఉంటాయి. మా దగ్గర ఉన్నది అరచేతిలో పట్టే పెట్టె, ఒక పాత ల్యాప్‌టాప్, ఇంకా పెన్సిల్ ములుకులు. నిజంగా పెన్సిల్ ములుకులే. స్టేషనరీ దుకాణంలో చిన్న డబ్బీలో దొరుకుతాయి చూడండి, నొక్కితే ముందుకొచ్చే పెన్సిల్‌లో వేసుకునేవి, అవే మా ఎలక్ట్రోడులు. మేడం హ్యాండ్‌బ్యాగు కదిలితే ఆ డబ్బీలు గలగలమనేవి. ఆ దుకాణం ఆయన ఆమెను చాలాకాలం డ్రాయింగ్ టీచరనే అనుకున్నాడు.

ములుకుకు వైరు అతికించి పైన తొడుగు వేసే పని ఆమె భర్తది. ఆయనకు ఎల్లారెడ్డిలో మోటార్లు వైండింగ్ చేసే షాపు ఉంది. వరి నాట్లప్పుడు కాలిపోయిన బోరు మోటార్లు గుట్టలుగా వచ్చి పడేవి. వాటి మధ్య కూర్చుని, మేడం కోసం వెంట్రుకంత వైరును ములుకుకు చుట్టి ఇచ్చేవాడు. నేను సార్ అంటే ఒప్పుకునేవాడు కాదు. "సార్‌లు కాలేజీల ఉంటరు, నన్ను అన్న అను సాలు," అనేవాడు.

పని ఎలా సాగుతుందో మేడం మాటల్లోనే చెప్తాను. చాయ్‌ని చల్లార్చి, వడకట్టి, కొంచెం ఆసిడ్ నీళ్ళలో కలిపి, ములుకును అందులో ముంచుతాం. పెట్టె మెల్లగా వోల్టేజి పెంచుకుంటూ పోతుంది. అది బస్సు. చాయ్‌లో ఉన్న ఒక్కో పదార్థం తనకు సరిపడే వోల్టేజి రాగానే తన ఎలక్ట్రాన్లు వదిలేస్తుంది, అంటే తన స్టేజీలో దిగుతుంది. అక్కడ తెరమీది గీత పైకి లేచి ఒక మిట్టలా కనిపిస్తుంది. వగరు పదార్థాలు ముందే, అర వోల్టు దగ్గర దిగిపోతాయి. అది తాడ్వాయి. కెఫిన్ చివరిదాకా దిగదు. ఒకటిన్నర వోల్టు దగ్గరికి వచ్చాకే దిగుతుంది. అది ఎల్లారెడ్డి. అందుకని బస్సును ఒకటి పాయింట్ ఆరు దాకా పోనివ్వాల్సిందే.

నెలకోసారి చాచా చాయ్‌ని సీసాలో పట్టేవాళ్ళం. చాచా మొదట్లో చాలా ఉడుక్కున్నాడు. నా చాయ్‌కి రక్త పరీక్ష చేస్తారా అని అడిగాడు. ఫలితం చూపించి, తొలి మరుగులో ఎంత కెఫిన్ వస్తుందో, అదే పొడిని మూడోసారి మరిగిస్తే ఎంత తక్కువ వస్తుందో మేడం విడమర్చి చెప్పాక మెత్తబడ్డాడు. ఆ తర్వాత పొడి మూడోసారి మరిగించడం మానేశాడు. మేం సీసా తీసుకుని వెళ్ళడం ఆలస్యమైతే తనే గేటు దాకా వచ్చి అడిగేవాడు.

మేడంకు చాయ్ అంటే ప్రాణం. పొద్దున బస్సు దిగగానే ఒకటి, పదకొండింటికి ఒకటి, అన్నం తిన్నాక ఒకటి, బస్సెక్కే ముందు ఒకటి. గ్లాసు అందుకుని ముందు వాసన చూసేవారు. చాయ్ మీద మీగడ కడితే ఆమెకు నచ్చదు. పారేయడానికీ మనసొప్పదు. చేతిలో ఉన్న పెన్సిల్ మొనతో మీగడను ఒక పక్క సన్నగా చీల్చి, ఆ సందులోంచి తాగేవారు. తాగడం అయ్యేసరికి మీగడ చెక్కుచెదరకుండా గ్లాసు అడుగున కూర్చునేది. ఆ విద్య మాకెవరికీ రాలేదు.

రెండేళ్ళ కింద ఆమె గుండె లయ తప్పింది. ఉన్నట్టుండి దడదడమని కొట్టుకునేది, తర్వాత నీరసం వచ్చేది. డాక్టరు మందులిచ్చి చాయ్, కాఫీ పూర్తిగా బంద్ అన్నాడు. ఆమె ఆ మాట మాకు నవ్వుతూనే చెప్పారు. ఇన్నాళ్ళు కెఫిన్‌ను నేను కొలిచాను, ఇప్పుడది నన్ను కొలుస్తోంది అన్నారు. కానీ ఆ సాయంత్రం చాచా గ్లాసు తెచ్చి ముందు పెడితే, వాసన చూసి వెనక్కి ఇచ్చేశారు. చాచా ఆ గ్లాసు పట్టుకుని చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

చాయ్ మానలేక తంగేడు పూలు పట్టుకున్నారు. వానాకాలం పొలం గట్ల మీది పూలు కోసి, నీడలో పేపరు మీద ఎండబెట్టి, మరిగించి తాగేవారు. ముందు దాన్ని కూడా మా పెట్టెలో పెట్టి ఒకటి పాయింట్ ఆరు దాకా నడిపి, "కెఫిన్ కనబడలేదు" అని నోటుబుక్కులో రాశాకే నోట పెట్టారు. రుచి ఎలా ఉందని అడిగితే "చాయ్ కాదు గని, చాయ్‌కు దూరపు చుట్టం," అన్నారు.

ఎండాకాలం దగ్గరపడేసరికి ఆ పూలు అయిపోయాయి. కామారెడ్డిలో ఎక్కడో స్టాలు పెడితే తంగేడు పూల పొడి ప్యాకెట్ కొన్నారు. దాని మీద కంపెనీ పేరు కూడా సరిగ్గా లేదు. మర్నాడు ఒక చెంచా పొడి కాగితంలో పొట్లం కట్టి నాకిచ్చారు.

"చూసి చెప్పు బిడ్డా. నువ్వు చెప్పినంకనే తాగుత," అన్నారు.

ఆ మధ్యాహ్నం నా దగ్గర రెండే ములుకులు మిగిలాయి. వోల్టేజి పైకి పోతున్నకొద్దీ ములుకు చుట్టూ బుడగలు లేచి అది పొడిపొడి అవుతుంది. మర్నాటి పరీక్షలకు అవి కావాలి. మా ఊరి బస్సుకు టైం అవుతోంది. ఇవన్నీ సాకులే, నాకు తెలుసు. అసలు సంగతి వేరే. తంగేడులో కెఫిన్ ఉండదని నాకు ముందే తెలుసు. మేడమే తేల్చారు కదా. జవాబు తెలిసిన ప్రశ్నకు ములుకు ఎందుకు పాడుచేయాలి అనుకున్నాను. బస్సును ఒకటి పాయింట్ రెండు దగ్గర ఆపేశాను. అర వోల్టు దగ్గర వగరు మిట్ట ఒకటి లేచింది. ఆ తర్వాత గీత సాఫుగా పోయింది. గ్రాఫు తీసి నోటుబుక్కులో అతికించి కింద "కెఫిన్ లేదు" అని రాశాను. మేడంకు ఫోన్ చేసి తాగొచ్చని చెప్పాను. ఆమె సంతోషపడ్డారు. గ్రాఫు చూస్తానని కూడా అనలేదు.

మూడు వారాలు రోజుకు రెండు పూటలా తాగారు. పరీక్షల డ్యూటీలో, క్వశ్చన్ పేపర్లు పంచుతూ కింద పడిపోయారు. హైదరాబాద్ ఆస్పత్రికి తీసుకుపోయారు. ఆ కబురు వినగానే, ఎందుకో తెలియదు, తిన్నగా ల్యాబుకు వెళ్ళి, పొట్లంలో మిగిలిన పొడిని మరిగించి, కొత్త ములుకు పెట్టి, ఈసారి చివరిదాకా నడిపాను. ఒకటి పాయింట్ రెండు దాటింది, గీత సాఫుగా ఉంది. ఒకటి పాయింట్ మూడు. ఒకటి పాయింట్ నాలుగు దగ్గర లేవడం మొదలుపెట్టింది. ఒకటిన్నర దగ్గర నిండుగా మిట్ట లేచి నిలబడింది. ఎవరో ఆ పూల పొడిలో చాయ్ పొడి కలిపారు.

ఆ పొడి వల్లే పడిపోయారని ఏ డాక్టరూ అనలేదు. కాదని కూడా ఎవరూ అనలేదు. గుండె ముందునుంచే బలహీనంగా ఉందన్నారు, అంతే. ఆ మాట వెనక నేను దాక్కున్నాను.

నేను ల్యాప్‌టాప్ మూసేశాను. ఆ గ్రాఫు ఎక్కడా అతికించలేదు. మేడం కాస్త తేరుకున్నాక ఫోన్ చేసి, ఆ పొడి ఇక తాగకండి, పురుగు పట్టినట్టుంది అన్నాను. పురుగు. ఆ మాట నా నోట్లోంచి అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఇప్పటికీ తెలియదు.

"సరే, ఆపిన," అన్నారు. తర్వాత మెల్లగా, "ఇంకేమన్న చెప్పేదున్నదా బిడ్డా?" అన్నారు.

ఏం లేదన్నాను.

ఆ తర్వాత ఆమె కాలేజీ మానేశారు. ప్రాజెక్టు ముగిసింది. నోటుబుక్కు ఆమె ఇంటికి చేరింది. నాకు జూనియర్ కాలేజీలో ఉద్యోగం దొరికింది. రెండు మూడు నెలలకోసారి ఎల్లారెడ్డి వెళ్ళి చూసి వచ్చేదాన్ని. ఆమె తంగేడు నీళ్ళు ఇచ్చేవారు, ఈసారి ఇంటి పూలతోనే చేసినవి. పిల్లలకు పాఠం ఎలా చెప్తున్నానో అడిగేవారు. లేచి వచ్చేటప్పుడు గడప దాకా వచ్చి ప్రతిసారీ ఒకటే మాట అనేవారు: "ఇంకేమన్న చెప్పేదున్నదా?" పెద్దవాళ్ళకు అలవాటుగా వచ్చే మాట అనుకున్నాను. ఏం లేదు మేడం అని చెప్పులు వేసుకునేదాన్ని.

ఒక ఆదివారం మాత్రం చెప్పేద్దామనే బయల్దేరాను. ఏం చెప్పాలో బస్సులో కూర్చుని కూడబలుక్కున్నాను. తాడ్వాయి దాటే దాకా ధైర్యంగానే ఉంది. ఆమె ఏమీ అనరని నాకు తెలుసు. తిట్టే మనిషైతే చెప్పి ఉందును. ఆమె నమ్మకంగా చూసే చూపు పోతుందేమోననే నా భయమంతా. బస్సు లింగంపేటలో ఆగింది. నేను దిగిపోయాను. స్టేజీ దగ్గర గంట నిలబడి, ఎదురు బస్సెక్కి కామారెడ్డి వచ్చేశాను. ఆ రోజు వస్తున్నానని ముందే ఫోన్ చేసి చెప్పాను కాబట్టి, ఆమె నాకోసం వంట చేసి ఉంచారు. ఒంట్లో బాగాలేదని ఇంకో అబద్ధం చెప్పాను. అది మొన్న ఆషాఢంలో. మళ్ళీ ఆమెను చూడలేదు.

మా వైపు మనిషి పోయిన మూడో రోజు పిట్టకు పెడతారు. పోయినవాళ్ళకు ఇష్టమైనవన్నీ విస్తరాకులో పెట్టి దూరంగా నిలబడతారు. కాకి వచ్చి ముట్టేదాకా ఎవరూ కదలరు. ఆలస్యమైతే పోయినవాళ్ళ మనసులో ఇంకా ఏదో ఉందంటారు. ఒక్కొక్కరూ ముందుకు వెళ్ళి, ఫలానాది మేం చూసుకుంటాం, రంది పెట్టుకోకు అని చెప్తారు.

చాచా, నేను ఒకే బస్సులో వెళ్ళాం. చాచా ఒళ్ళో ఫ్లాస్కు పెట్టుకుని కూర్చున్నాడు. లింగంపేటలో బస్సు ఆగినప్పుడు నేను ముందు సీటు కమ్మీని గట్టిగా పట్టుకున్నాను.

ఇంట్లో మేడం భర్త, అదే అన్న, నన్ను లోపలికి పిలిచి ల్యాబు నోటుబుక్కు చేతిలో పెట్టాడు. మూడు రోజుల్లో మనిషి సగమైపోయాడు.

"నువ్వే వచ్చి అడుగుతవు, అడిగినప్పుడు ఇయ్యి అన్నది," అన్నాడు. "నువ్వు అడగనే లేదు. ఇగ నా దగ్గర ఎందుకని ఇస్తున్న."

ఆమె గదిలోనే నిలబడి నా పేజీ తీశాను. "లేదు" అన్న మాట మీద పచ్చసిరాతో ఒకే గీత, స్కేలు పెట్టి గీసింది. కింద నా రాత చక్కగా చదవడానికి వస్తోంది. పైన "1.2 వోల్టుల వరకు చూసినంతలో కనబడలేదు" అని ఉంది. పక్కన తేదీ. పురుగు పట్టిందని నేను ఫోన్ చేసిన మర్నాటిది. పేజీ తిప్పాను. ప్యాకెట్‌లో మిగిలిన పొడితో ఆమే మళ్ళీ చేసి చూశారు, ఆ నీరసంలో, నేను లేనప్పుడు ల్యాబుకు వచ్చి. గ్రాఫు అతికించి ఉంది. ఒకటి పాయింట్ ఆరు దాకా వెళ్ళిన గీత, ఒకటిన్నర దగ్గర అదే మిట్ట. దాని కింద మూడు ముక్కలు రాశారు.

"పిల్లకు తెలిసింది. తనే చెప్తుంది. అప్పటిదాకా ఈ సంగతి నేనెత్తొద్దు."

ఏడాదిన్నర. గడప దగ్గర నిలబడి ఆమె అడిగిన ప్రతిసారీ నాకు తలుపు తెరిచి పట్టుకున్నారు. నేను చెప్పులు వేసుకుని వచ్చేశాను. నా మీద కోపంతో ఆ మాట రాసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు. నేను చెప్తానని ఆమె నమ్మారు. చివరి రోజు దాకా నమ్మే ఉంటారు.

పొలం అంచున విస్తరాకు పరిచారు. అన్నం, జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఆమెకు ఇష్టమైన కోడికూర పెట్టారు. చాచా ఫ్లాస్కు విప్పి, గ్లాసు నిండా చాయ్ పోసి రొట్టె పక్కన పెట్టాడు. తొలి మరుగుదే తెచ్చాను మేడం సాబ్ అని మెల్లగా చెప్పి, రుమాలు నోటికి అడ్డం పెట్టుకుని వెనక్కి వచ్చాడు. రెండేళ్ళుగా ఆమెకు దక్కని చాయ్ అది.

అందరం చింతచెట్టు దాకా వెనక్కి జరిగాం. కాకులు రాలేదు. అరగంట గడిచింది. కరెంటు తీగ మీద రెండు వాలాయి, లేచిపోయాయి. ఆమె చెల్లెలు ముందుకు వెళ్ళి, బావను మేం చూసుకుంటాం అక్కా అంది. మరిది వెళ్ళి ఏదో చెప్పి వచ్చాడు. గంట దాటింది. ఎండ ముదిరింది. ఒక ముసలవ్వ చేతులు కళ్ళకు అడ్డం పెట్టుకుని చూస్తూ, "ఏందో ఒకటి తెలుసుకోవాలని ఉన్నది పోరికి," అంది.

నేను కెమిస్ట్రీ చెప్పుకుని బతికేదాన్ని. కాకికీ మనిషి మనసుకీ సంబంధం ఉందని నమ్మను. మేడం కూడా నమ్మలేదు. అయినా నా కాళ్ళు ముందుకు నడిచాయి. విస్తరాకు ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాను. చాయ్ మీద అప్పుడప్పుడే మీగడ కడుతోంది. వెనక అందరూ వింటున్నారని తెలుసు. గొంతు తగ్గించలేదు.

"మేడం, ఆ దినం నేను ఒకటి పాయింట్ రెండు కాడ ఆపేసిన," అన్నాను. "మొత్తం చూడకుండనే లేదని రాసిన. మీరు పడిపోయినంక చూసిన. ఉన్నది. పురుగు పట్టిందని మీకు అబద్ధం చెప్పిన. మీరు అడిగిన ప్రతిసారి చెప్పకుండ పోయిన. ఇంకేం లేదు మేడం. గిదే చెప్పేది."

చాలామందికి అందులో ఒక్క ముక్క అర్థమై ఉండదు. అన్నకు అర్థమైంది. ఆ ములుకులకు వైర్లు చుట్టింది ఆయనే, ఏ అంకె అంటే ఏమిటో ఆయనకు తెలుసు. నేను లేచి వచ్చి ఆయన ముందు నిలబడ్డాను. ఆయన నా ముఖంలోకి ఒకసారి చూసి, తల తిప్పి వరి వైపు చూస్తూ ఉండిపోయాడు. భుజం మీది తువ్వాల కొసను వేలికి చుడుతూ, విప్పుతూ, మళ్ళీ చుడుతూ నిలబడ్డాడు. క్షమించమని అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. ఆయన కూడా ఏమీ అనలేదు. ఈ రోజు వరకు అనలేదు.

అప్పుడే వెనక నుంచి ఎవరో "ముట్టింది, ముట్టింది" అన్నారు. అందరూ దండం పెట్టుకున్నారు. ముసలవ్వ ఇగ పోదాం పాండ్రి అంది. నేను తలెత్తి చూశాను గానీ కళ్ళ నిండా నీళ్ళున్నాయి. చెట్టు, పొలం, ఆకు అన్నీ కలిసిపోయి ఉన్నాయి. కాకి వచ్చిందో లేదో నాకు తెలియదు. నేను చూసినంతలో కనబడలేదు.

అందరూ దారి పట్టాక, గ్లాసు తీసుకోవడానికి చాచా, నేను వెనక్కి వెళ్ళాం. అన్నం కొంచెం చెదిరి ఉంది. గాలికి కూడా చెదరొచ్చు. చాయ్ చల్లారిపోయింది. దాని మీద మీగడ దళసరిగా కట్టి, చుట్టూ గ్లాసును పట్టుకుని ఉంది. ఒక పక్కన మాత్రం సన్నగా, పెన్సిల్ మొన పట్టేంత, చీలి ఉంది.